నా రక్తమే నన్ను తింటోందా, డాక్టరమ్మా?

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. మాది అనంతపురం. నాకు 29 ఏళ్లు, ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మూడేళ్ల పాప ఉంది. నాలుగు నెలల కిందట వీధంతా చికెన్‌గున్యా వచ్చినప్పుడు నాకూ వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ చేతివేళ్లు, మణికట్లు, చీలమండలు ఇప్పటికీ నొప్పులే. ఎవరో ఆఫర్ ఉందన్నారని పెద్ద ప్యాకేజీ టెస్టులు చేయించుకుంటే ‘ఏఎన్ఏ పాజిటివ్, 1:80, స్పెకల్డ్’ అని వచ్చింది. ఫోన్‌లో వెతికితే లూపస్ అని, మన ఒంట్లోని యాంటీబాడీలే మనల్ని తినేస్తాయని ఉంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు. పక్కింటావిడ ఇప్పించిందని ఆరు వారాలుగా కీళ్ల నొప్పుల పొడి వాడుతున్నాను, వేసుకున్న పూట బాగానే ఉంటుంది. మా అత్తమ్మ రక్తంలో దోషం అంటూ నాకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. రెండో కాన్పు అనుకుంటున్నాం, ఇప్పుడు వద్దా? ఈ యాంటీబాడీలన్నీ పోయి రిపోర్టు నెగెటివ్ రావాలంటే ఏం తినాలి, ఏం మానాలి? నా రక్తమే నన్ను తింటోందా?

సమాధానం:

అమ్మా, ఈ రాత్రికి నిద్రపో. లూపస్ అంటే, క్రిములను పట్టాల్సిన యాంటీబాడీలు అనే ప్రోటీన్లు సొంత చర్మం, కీళ్లు, కిడ్నీల మీదికే తిరిగే జబ్బు. నువ్వు రాసినదాంట్లో అది లూపస్ అని తేల్చడానికి సరిపడే విషయం ఏదీ లేదు. 1:80 అన్న ఒక్క అంకెను పట్టుకుని ఏ డాక్టరూ లూపస్ అని పేరు పెట్టడు, పెట్టకూడదు. చికెన్‌గున్యా తర్వాత కీళ్ల నొప్పులు నెలల తరబడి లాగడం మామూలే, కొందరికి ఏడాది దాటినా వదలవు. అట్లాగని నీ నొప్పిని తేలిగ్గా తీసుకోమనడం లేదు, చూపించుకోవాలి. ఎవరికి, ఏమని చూపించుకోవాలో కింద రాస్తాను.

నీ ఉత్తరంలో నాకు భయం పుట్టించింది ఏఎన్ఏ కాదు, ఆ పొడి. పేరు లేకుండా, వేసుకున్న పూటే నొప్పి మాయం చేసే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం మేము తరచూ చూసేదే. మా పెద్దమ్మ మోకాళ్లకు ఇట్లాంటి పొట్లాలే రెండేళ్లు వాడింది. ముఖం గుండ్రంగా అయితే ఒళ్లు చేసిందిలే అనుకున్నాం, షుగర్ 400 దాటి ఆసుపత్రిలో పడ్డాక గానీ అసలు సంగతి తెలియలేదు. నేను అప్పటికే డాక్టర్ని, అయినా ఒక్కసారి కూడా ఆ పొట్లం తెచ్చి చూపించమని అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఒకటి, దాన్ని నీ అంతట నువ్వు ఉన్నట్టుండి ఆపొద్దు. నిజంగా అందులో స్టెరాయిడ్ ఉంటే, వారాల తరబడి బయటి నుంచి వచ్చేసరికి కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉంటాయి. అప్పుడు ఒక్కసారిగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగొచ్చు. ఈ వారంలోనే పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎట్లా తగ్గించాలో ఆయన చేతే చెప్పించుకో. రెండు, స్టెరాయిడ్ వాపును, నొప్పిని కప్పేస్తుంది కాబట్టి నిజంగా కీళ్లలో ఏం జరుగుతోందో చూసే డాక్టరుకు కూడా కనపడకుండా పోతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే ఆయన పొరపడతాడు.

ఇప్పుడు ఆ కాగితం సంగతికి వద్దాం. కర్నూలులో నేను ఈ స్లైడ్లు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి నీ రక్తాన్ని ఏం చేసి ఉంటారో కళ్లకు కట్టినట్టు చెప్పగలను. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చటి సీరం తీసి నీళ్లలాంటి ద్రావణంలో కలుపుతారు. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలు పరిచిన గాజు స్లైడ్ మీద ఆ సీరం చుక్క వేసి, అరగంట ఆగి కడుగుతారు. నీ సీరంలో కణం మధ్యలోని కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటే కడిగినా అవి పోవు, అతుక్కుని ఉంటాయి. నీ రిపోర్టులోని ఏఎన్ఏ అంటే ఈ యాంటీబాడీలే. వాటిని పట్టి చూపించే మెరిసే రంగు వేసి, మళ్లీ కడిగి, చీకటి గదిలో ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెడతాం. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక నల్లటి నేల మీద పెసరగింజలు చల్లినట్టు ఆకుపచ్చగా కేంద్రకాలు వెలుగుతాయి. నీ విషయంలో ఆ వెలుగు బొంబాయి రవ్వ పోసినట్టు చుక్కలు చుక్కలుగా కనిపించి ఉంటుంది, అదే స్పెకల్డ్. ఎక్కువమందిలో కనపడే రకం అదే, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వస్తుంది, జబ్బు ఉన్నవాళ్లలోనూ వస్తుంది.

1:80 అంటే, మజ్జిగలో నీళ్లు పోస్తూ పోతే ఎక్కడో ఒకచోట పులుపు తెలియకుండా పోతుంది చూడు, అట్లాగే సీరాన్ని 40 వంతులు పలచన చేసి, తర్వాత 80, 160, 320 ఇట్లా రెట్టింపు చేస్తూ పోతాం. వెలుగు ఆఖరుగా ఎక్కడ కనపడిందో ఆ అంకె రాస్తాం. నీది 80 దగ్గరే ఆగిపోయింది, అంటే దాదాపు మొదటి మెట్ల మీదే. లూపస్ గట్టిగా ఉన్నవాళ్ల సీరం 640, 1280 దాటినా వెలుగుతూనే ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఒంట్లో ఏ బాధా లేనివాళ్ల రక్తం తీసుకుని 15 ల్యాబుల్లో పరీక్షించి 1997లో ఒక లెక్క అచ్చు వేశారు. వాళ్లలో నూటికి 32 మందికి 1:40 దగ్గర పాజిటివ్ వచ్చింది, 13 మందికి 1:80 దగ్గర, 5 మందికి 1:160 దగ్గర, 3 మందికి 1:320 దగ్గర కూడా వచ్చింది. ఆ లెక్కన మీ వీధిలో వందమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లను వరసగా నిలబెట్టి పరీక్షిస్తే నీ రిపోర్టు లాంటిది పది పదమూడు మంది చేతుల్లో ఉంటుంది, వాళ్లు ఆఫర్ ప్యాకేజీ చేయించుకోలేదు కాబట్టి వాళ్లకు తెలియదు, అంతే. పైగా నీకు వైరస్ జ్వరం వచ్చి పోయింది. పెద్ద ఇన్ఫెక్షన్ తర్వాత ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు పైకి లేవడం ఉంది, టీబీకి వాడే ఐసోనియాజిడ్, బీపీకి వాడే హైడ్రాలజిన్ లాంటి మందులతోనూ వస్తాయి. ఇంట్లో ఏవైనా పాత మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు కూడా డాక్టరుకు చెప్పు.

ఇక నీ అసలు ప్రశ్న, సొంత రక్తం సొంత ఒంటి మీదికే ఎందుకు యాంటీబాడీలు చేస్తుంది అని. నీకొచ్చిన ఈ భయమే వందేళ్ల కిందట పెద్ద శాస్త్రవేత్తలకూ వచ్చింది. జర్మనీలో పాల్ ఎర్లిక్ 1900 ప్రాంతంలో మేకల మీద పరీక్షలు చేశాడు. ఒక మేకకు ఇంకో మేక రక్తం ఎక్కిస్తే దాని మీద యాంటీబాడీలు తయారయ్యాయి, తన రక్తాన్నే తనకు ఎక్కిస్తే తయారు కాలేదు. దాంతో ఒళ్లు తన మీద తానే విషం చిమ్ముకోవడం ఊహించలేని ఘోరమని, దాన్ని ఆపే ఏర్పాటు ఒంట్లోనే ఉండి తీరాలని ఆయన అన్నాడు. ఎర్లిక్ మాటకు ఎంత విలువంటే, ఆ తర్వాత చాలా ఏళ్లు సొంత యాంటీబాడీల ఊసెత్తినా నమ్మేవాళ్లు తక్కువ. 1904లోనే వియన్నాలో డోనత్, లాండ్‌స్టైనర్ అనే ఇద్దరు, బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనరే ఈయన, చలి తగిలితే మూత్రం ఎర్రగా వచ్చే రోగుల రక్తంలో వాళ్ల ఎర్రకణాలనే పగలగొట్టే యాంటీబాడీని చూపించారు. 1956లో లండన్‌లో హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లలో సొంత థైరాయిడ్ మీదే యాంటీబాడీలు దొరికాక ఇక కాదనడానికి వీల్లేకపోయింది. అక్కడి నుంచి అందరూ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లిపోయారు, సొంత యాంటీబాడీ కనపడితే చాలు జబ్బే అన్నారు. నీ ఫోన్ నీకు చెప్పింది ఈ రెండో మాటే.

అసలు నిజం ఒక పెళ్లి ఇంటి వంటసాల దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఒక బంతి తిని లేస్తుంది, విస్తళ్లు ఎత్తేవాళ్లు వస్తారు, ఊడ్చి తుడుస్తారు, తర్వాతి బంతి కూర్చుంటుంది. ఆ విస్తళ్లు ఎత్తేవాళ్లు ఒక్క గంట రాకపోతే ఏమవుతుంది? ఎంగిలాకుల మీద ఈగలు, కుక్కలు, చుట్టాల మధ్య గొడవ. మన ఒంట్లో కూడా రోజూ బంతులు లేస్తూనే ఉంటాయి. ఒక్క ఎర్రకణాలే రోజుకు సుమారు 20 వేల కోట్లు తమ 120 రోజుల ఆయుష్షు ముగించుకుంటాయి, చర్మం కణాలు, పేగు కణాలు వేరే. ఇవన్నీ ఎవరు ఎత్తాలి? ఆ పని చేసేవాళ్లలో మన సొంత యాంటీబాడీలు కూడా ఉన్నాయి. ముసలిదైన ఎర్రకణం పైపొర మీద ఒక ప్రోటీన్ గుత్తులుగా పోగవుతుంది, దానికి సొంత యాంటీబాడీ వచ్చి అతుక్కుంటుంది, అతుక్కున్న కణాన్ని ప్లీహంలోనూ లివర్‌లోనూ ఉండే మింగే కణాలు పట్టేసుకుంటాయి. ఎర్రకణం చెత్తలోకి పోయే దారుల్లో ఇదొకటి. ఇది జబ్బు కాదు, ఈ క్షణం నీలోనూ నాలోనూ నీ పాపలోనూ జరుగుతున్న పని.

వీటిని సహజ యాంటీబాడీలు అంటారు. ఎక్కువగా ఐజీఎం రకం. ఏ సూదీ వేయకుండా, ఏ జబ్బూ రాకుండా పుట్టుకొచ్చేవి, దేన్నీ గట్టిగా పట్టవు గానీ చాలా వాటిని కొంచెం కొంచెంగా పట్టుకుంటాయి. అందులో ఒక రకం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. చచ్చిపోతున్న మన కణం పైపొర మీద ఫాస్ఫోరైల్ కోలిన్ అనే చిన్న ముక్క బయటపడుతుంది, సరిగ్గా అదే ముక్క న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా గోడ మీద కూడా ఉంటుంది. ఒకే యాంటీబాడీ ఇంట్లో చెత్తనూ ఎత్తుతుంది, బయటి దొంగనూ పట్టిస్తుంది. అది సొంతదాన్ని పట్టుకుంటోంది కదా అని దాన్ని తీసిపారేస్తే రెండు పనులూ ఆగుతాయి. 2000 ప్రాంతంలో ఎలుకల్లో అదే చేసి చూశారు. రక్తంలోకి ఐజీఎం విడుదల కాని ఎలుకలను తయారు చేస్తే, లూపస్ వచ్చే స్వభావం ఉన్న వాటిలో ఆ జబ్బు తగ్గలేదు సరిగదా, ఇంకా ముందుగా, ఇంకా ఎక్కువగా వచ్చింది. ఎత్తని విస్తళ్ల మీదికి కుక్కలు వచ్చినట్టే. ‘ఈ యాంటీబాడీలన్నీ పోవాలి’ అని నువ్వు రాశావు చూడు, అందుకే ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అన్నీ పోకూడదమ్మా.

ఇంకోటి విను. 2003లో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వాళ్లు మనిషి ఎముక మజ్జలో అప్పుడే పుట్టిన బీ కణాలను, అంటే యాంటీబాడీలు తయారు చేసే కణాలను, ఒక్కొక్కటిగా తీసి చూశారు. 55 నుంచి 75 శాతం దాకా సొంత ఒంటినే పట్టుకునే గుణంతో పుడుతున్నాయి. అందులో చాలావాటిని శరీరం అక్కడికక్కడే చంపేస్తుంది, కొన్నిటి చేత తమ పట్టు మార్పిస్తుంది, కొన్నిటిని నోరు మూయించి కూర్చోబెడుతుంది. అయినా ఇదంతా దాటి బయటికొచ్చిన వాటిలో కూడా ఐదో వంతుకు కొంచెం ఆ గుణం మిగిలే ఉంటుంది. ఎందుకు మిగలనిచ్చింది? క్రిములు మన కణాల వేషం వేసుకుని వస్తాయి, మనలా కనిపించేదాన్ని పట్టగల ప్రతి కణాన్నీ తీసేస్తే ఆ వేషగాళ్లకు ఇల్లు రాసిచ్చినట్టే. కాబట్టి ఉండనిస్తుంది, కానీ కాపలా పెడుతుంది. ఆ కాపలాలో ముఖ్యమైనవి రెగ్యులేటరీ టీ కణాలు, అంటే మిగతా రోగనిరోధక కణాలను అదుపులో పెట్టేవి. వాటిని కనిపెట్టి, అవి లేకపోతే ఏమవుతుందో తేల్చినందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి ముగ్గురికీ వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

మరి జబ్బు ఎప్పుడు అవుతుంది అంటే, ఆ కాపలా సడలినప్పుడు. లూజుగా పట్టుకునే ఐజీఎం కాస్తా గట్టిగా పట్టి వదలని ఐజీజీగా మారినప్పుడు, అది పట్టుకున్న చోటు పనికి అడ్డం పడే చోటు అయినప్పుడు. యాంటీబాడీలు అని అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ ఒక్కొక్కటి చేసే చెడు ఒక్కో రకం. గ్రేవ్స్ జబ్బులో యాంటీబాడీ థైరాయిడ్ స్విచ్ మీద వేలు తీయకుండా కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కుతూనే ఉంటుంది, గుండె దడ, బరువు తగ్గడం. మయస్థీనియాలో నరం నుంచి కండరానికి కబురు అందే చోటును మూసేస్తుంది, పొద్దున బాగున్న రెప్ప సాయంత్రానికి వాలిపోతుంది. లూపస్‌లో యాంటీబాడీ, అది పట్టుకున్న ముక్క కలిసి ముద్దలై కిడ్నీ జల్లెడలో చిక్కుకుంటాయి, టీ వడగట్టే జాలీలో పొడి అడ్డుపడ్డట్టు, అక్కడ వాపు మొదలై ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. కొన్ని యాంటీబాడీలు చెడ్డపని తామే చేసేకంటే చెడు జరుగుతోందని చెప్పే గుర్తులు. నాకే థైరాయిడ్ మీద యాంటీ టీపీఓ ఉంది, 11 ఏళ్లయింది. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటాను, థైరాయిడ్ పని తెలిపే టీఎస్‌హెచ్ చూపించుకుంటాను. ఆ యాంటీబాడీ అంకె మళ్లీ ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు, అవసరం లేదు.

నీకు ధైర్యం చెప్పాలని సగమే చెప్పి ఊరుకోను. 2003లో అమెరికా సైనికుల మీద వచ్చిన ఒక పరిశోధన ఉంది. అక్కడ సైన్యంలో చేరినవాళ్ల రక్తం దాచిపెడతారు. తర్వాత లూపస్ వచ్చిన 130 మంది పాత రక్తం తీసి చూస్తే, 115 మందిలో జబ్బు బయటపడక ముందే ఏదో ఒక సొంత యాంటీబాడీ ఉంది, కొందరిలో తొమ్మిదేళ్ల ముందు నుంచి. అంటే జబ్బు రాబోయే వాళ్లలో ఇవి ముందే కనపడతాయి. కానీ దీన్ని తిరగేసి చదవకూడదు. లూపస్ అరుదైన జబ్బు, ఏఎన్ఏ పాజిటివ్ అరుదు కాదు, పాజిటివ్ వచ్చిన వాళ్లలో అత్యధికులకు ఆ జబ్బు ఎప్పటికీ రాదు. డాక్టర్ల సంఘాలు 2019లో లూపస్‌కు పెట్టిన లెక్కలో కూడా 1:80 అనేది గుమ్మం మాత్రమే. గుమ్మం దాటాక జ్వరం, చర్మం, కీళ్లు, రక్తకణాలు, కిడ్నీ, మిగతా యాంటీబాడీలు, వీటన్నిటికీ మార్కులు వేసి చూస్తారు. నీ కీళ్ల నొప్పికి చికెన్‌గున్యా అనే కారణం ఎదురుగానే ఉంది, అది తీసేస్తే నీకు గుమ్మం తప్ప ఇంకేమీ కనపడలేదు.

సొంత యాంటీబాడీ రక్షణనే దెబ్బ తీసిన సంగతి ఒకటి మన కళ్ల ముందే జరిగింది. కోవిడ్‌లో ఒకే ఇంట్లో ఒకరు జలుబుతో బయటపడితే ఇంకొకరు వెంటిలేటర్ మీదికి వెళ్లారు కదా. 2020లో ఫ్రాన్స్, అమెరికా శాస్త్రవేత్తలు ప్రాణం మీదికొచ్చిన 987 మంది రక్తం చూస్తే 101 మందిలో ఇంటర్ఫెరాన్ మీద యాంటీబాడీలు దొరికాయి. వైరస్ లోపలికి రాగానే ఊరంతా దండోరా వేసే పదార్థం ఇంటర్ఫెరాన్, దాని నోరే నొక్కేశాయన్నమాట. తేలిగ్గా పోయిన 663 మందిలో ఒక్కరికీ అవి లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. లూపస్ ఏమో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లకే వస్తుంది. ‘ఆడదాని రక్తం కాబట్టి దోషం’ అనే మాట ఎవరైనా నీ ముందు అంటే ఈ లెక్క చెప్పు.

సరే, నువ్వు చేయాల్సింది. ఏఎన్ఏ మళ్లీ చేయించొద్దు, డబ్బు దండగ. ముందు అనంతపురంలోనే జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్లి నీ వేళ్లు పట్టుకుని చూడమను. నొప్పి వేరు, వాపు వేరు. కణుపుల దగ్గర మెత్తగా పిండిముద్దలా ఉబ్బి ఉందా, పొద్దున లేచాక వేళ్లు ముడుచుకోవడానికి గంటకు పైగా పడుతోందా, ఇది చాలా ముఖ్యం. పొద్దున్నే కుళాయి తిప్పలేకపోవడం, సంగటి కెలికేటప్పుడు తెడ్డు పట్టు జారిపోవడం, సూదిలో దారం ఎక్కించలేకపోవడం, ఇట్లాంటివి ఉంటే ఎంతసేపు ఉంటున్నాయో టైము చూసి రాసుకుని వెళ్లు. నువ్వు కుట్టుపని చేసేదానివి, నీ వేళ్ల సంగతి ఏ మెషిన్ కంటే నీకే బాగా తెలుస్తుంది. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, ఒంట్లో వాపు చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, అన్నిటికంటే ముఖ్యంగా మూత్ర పరీక్ష, ఇవి చాలు మొదటికి. మూత్రంలో ప్రోటీన్ చూసే టెస్టు నీ ప్యాకేజీ మొత్తం కంటే ఎంతో చవక, లూపస్ విషయంలో దానికంటే ఎంతో ఎక్కువ చెబుతుంది. కీళ్లు ఉబ్బి ఉంటే కీళ్లవాతం కోసం చూసే యాంటీ సీసీపీ, మూత్రంలోనో రక్తకణాల్లోనో తేడా ఉంటే లూపస్ కోసం చూసే యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, సీ3, సీ4 అనే రక్తపరీక్షలు ఆయనే రాస్తారు. అప్పుడు రుమటాలజిస్టును, అంటే ఇట్లాంటి కీళ్ల జబ్బుల స్పెషలిస్టును చూడాల్సి వస్తుంది. మీకు బెంగళూరు దగ్గర, లేదంటే హైదరాబాద్ నిమ్స్‌లోనూ వేలూరు సీఎంసీలోనూ ఆ విభాగాలు ఉన్నాయి. ఏమీ తేడా లేకపోతే ఊరికే దూరాలు తిరగాల్సిన పని లేదు.

మన ప్రాంతం సంగతి ఒకటి మర్చిపోకూడదు. అనంతపురం పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పుట్టిల్లు ఏ ఊరో, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావో డాక్టరుకు చెప్పు. పళ్ల మీద గోధుమ రంగు చారలు, నడుము, మెడ బిగుసుకుపోవడం ఉంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు, దానికీ యాంటీబాడీలకూ సంబంధం లేదు. కీళ్లవాతమని ఏళ్ల తరబడి మందులు మింగి చివరికి ఫ్లోరైడ్ అని తేలిన వాళ్లను చూశాను.

ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు: ఎండలోకి వెళ్తే బుగ్గలు, ముక్కు మీద ఎర్రగా దద్దు రావడం, నోట్లో అంగిలి మీద నొప్పి లేని పుండ్లు, కుచ్చులు కుచ్చులుగా జుట్టు రాలడం, చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారడం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, కారణం లేని జ్వరం, కాళ్ల వాపు, మూత్రంలో సబ్బు నురగలా ఆగే నురుగు. ఇందులో ఏదీ నువ్వు రాయలేదు. రోజూ అద్దం ముందు నిలబడి వెతుక్కోమని కాదు, వస్తే గుర్తుపట్టాలని.

తిండి సంగతి. రిపోర్టును నెగెటివ్ చేసే తిండి లేదు. వంకాయ, గోంగూర, చెనిక్కాయలు మానితే యాంటీబాడీలు తగ్గవు, తింటే పెరగవు. ఉగ్గాని తిన్నా సంగటి తిన్నా నీ ఇష్టం. కానీ ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే కషాయాలు, పొడులు వద్దు. ముఖ్యంగా తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్న వాళ్ల గురించి మన దేశపు లివర్ డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు, ఆటోఇమ్యూన్ స్వభావం ఉన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. నీ ఇమ్యూనిటీకి బలం తక్కువై కాదు ఇదంతా. హైడ్రాక్సీక్లోరోక్విన్ లూపస్‌కు మంచి మందే, అయినా ఒక్క ఏఎన్ఏ కాగితం చూసి ఎవరైనా మొదలుపెడతామంటే ఎందుకని అడుగు. రక్తం శుద్ధి చేస్తామనే వాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. ప్లాస్మా మార్చే వైద్యం నిజంగానే ఉంది, అది ప్రాణం మీదికొచ్చిన మయస్థీనియా లాంటి వాటికి పెద్దాసుపత్రిలో చేసేది.

రెండో కాన్పుకు 1:80 అడ్డం కాదు. అడ్డం ఏదైనా ఉంటే ఆ పొడే, అది పూర్తిగా మానేదాకా ఆగండి. ఆలోపు బీపీ, థైరాయిడ్, మూత్రం చూపించుకుని, నెల తప్పక ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టు. ఇంతకుముందు గర్భం పోయి ఉంటే అది డాక్టరుకు చెప్పాలి, అప్పుడు గర్భం పోవడానికి కారణం కాగల యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూస్తారు. ఒకవేళ డాక్టరు మిగతా టెస్టులు రాసి అందులో యాంటీ రో అనే యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఆ మాట గైనకాలజిస్టుకు తప్పకుండా చెప్పు. అది మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది, అట్లాంటి తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకు గుండె కొట్టుకునే వేగం పడిపోతుంది, అందుకని నాలుగో నెల నుంచి బిడ్డ గుండెను స్కానింగ్‌లో కనిపెట్టి చూస్తారు. అదే మాయ దారిలో తల్లి ఇచ్చే మంచి యాంటీబాడీలే పుట్టిన బిడ్డను మొదటి నెలల్లో ఎన్నో జబ్బుల నుంచి కాపాడతాయి. నీ పాప అట్లా నీ యాంటీబాడీలతోనే ఆ నెలలు గడిపింది.

ఇక కంచం సంగతి. ఇది మీ అత్తమ్మకు చదివి వినిపించు. అత్తమ్మా, నమస్తే. మీ కోడలికి ఉన్నది అంటుకునేది కాదు. ఎంగిలి వల్ల, గ్లాసు వల్ల, పక్కన పడుకోవడం వల్ల, ఆమె చేతి వంట వల్ల ఎవరికీ రాదు. యాంటీబాడీ క్రిమి కాదు, ఆమె ఒళ్లు తయారు చేసుకున్న పదార్థం. వయసు పెరిగేకొద్దీ ఈ ఏఎన్ఏ పాజిటివ్ అయ్యేవాళ్లు కూడా పెరుగుతారు, మీకు పరీక్ష చేసినా రావచ్చు. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని మీరు భయపడి ఉంటారు, పాపను చూసుకునేవాళ్లకు ఆ భయం రావడం నాకు తెలుసు. ఆ కంచం, గ్లాసు కడిగి మిగతా వాటిలో కలిపేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కోడలితో మీరే వెళ్లండి, ఆ పొడి పొట్లం మర్చిపోకుండా సంచిలో పెట్టుకోండి.